లెక్కలతో నిలదీసిన సుందరయ్య గారు

నీటిపారుదల ఇంజనీరునైన నాకు రాజకీయ నాయకుల్లో ఎక్కువ గౌరవం పుచ్చలపల్లి సుందరయ్య గారి మీదే. 1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో, కలిగిన ఇంట పుట్టారు. తన వాటా ఆస్తిని ఉద్యమానికే ఇచ్చేశారు. 1946లోనే విశాలాంధ్ర కోసం పుస్తకం రాశారు. 1955లో గన్నవరం నుంచి గెలిచి, శాసనసభలో ప్రతిపక్షాన్ని నడిపించారు. సభకు సైకిల్ మీదే వెళ్లేవారు. ప్రభుత్వాన్ని ఊరికే తిట్టలేదు. కృష్ణా, గోదావరి జలాలను సమగ్రంగా వాడుకుంటే మెట్ట ప్రాంతాలకూ నీరందుతుందని లెక్కలు వేసి చూపారు. 1985లో కన్నుమూశారు.

మా అంచనా తప్పితే ముందుగా నష్టపోయేది కాలువ చివరి రైతే. అలా లెక్క అడిగేవారు సభలో ఉంటే మేమూ జాగ్రత్తగా ఉంటాం. మన బడి పిల్లలు రేపు ఏ పార్టీలో ఉన్నా, ప్రశ్న వేసే ముందు లెక్క చూసుకోవాలని నా కోరిక.