గ్రూప్ కెప్టెన్ లియొనార్డ్ చెషైరు

1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడల మీద జపానువారి బాంబులు పడినవి. ఆకాశమునుండి వచ్చు మృత్యువెట్టిదో మన తీరవాసులు ఆనాడు కొంత యెరిగిరి. ఆ యుద్ధముననే అట్టి మృత్యువును శత్రుదేశముపై కురిపించి, పిదప దిక్కులేని రోగులకు చేతులార సేవచేసిన యొకని చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

లియొనార్డ్ చెషైరు 1917వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన ఇంగ్లండులోని చెస్టరు నగరమున జన్మించెను. తండ్రి న్యాయశాస్త్ర పండితుడు. కుమారుడును ఆక్స్‌ఫర్డులో ఆ శాస్త్రమునే చదువుచు విమానము నడుప నేర్చెను. 1940వ సంవత్సరమున బాంబుల విమానమునకు చోదకుడయ్యెను. ఆ యేడు నవంబరులో ఫిరంగి గుండు తగిలి విమానము ప్రక్క చీలి మంటలు లేచినను, ధైర్యము విడువక దానిని స్వస్థానమునకు చేర్చెను. 25 ఏండ్ల ప్రాయముననే గ్రూప్ కెప్టెన్ పదవి లభించెను గాని, నేలపై నుండుట యిష్టములేక, హోదా తగ్గించుకొని 617వ దళమునకు నాయకుడయ్యెను.

1944వ సంవత్సరము ఫిబ్రవరిలో ఫ్రాన్సునందలి లిమోజ్ పట్టణమున నొక కర్మాగారమును కూల్చవలసి వచ్చెను. లోపల పనిచేయువారు ఫ్రెంచి స్త్రీలు. చెషైరు మూడు మారులు మిక్కిలి క్రిందుగా ఎగిరి వారిని హెచ్చరించి, వారు వెలుపలికి పరుగెత్తిన పిమ్మటనే బాంబులు వేయించెను. నూరు దాడులు ముగించిన యతనికి ఆ యేడే విక్టోరియా క్రాసు లభించెను. పిదప కొంతకాలము కలకత్తాలో ఉద్యోగము చేసెను.

1945వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన నాగసాకిపై అణుబాంబు పడుటను బ్రిటిషు ప్రభుత్వ పక్షమున విమానమునుండి కన్నులార చూచెను. ఆ బాంబు యుద్ధమును ముగించెననియే అతడు తుదివరకు తలచెను. అయినను, అన్ని ప్రాణములు వ్యయమై వచ్చిన శాంతిని దేనికి వినియోగింపవలెనను ప్రశ్న యతనిని విడువలేదు.

1946వ సంవత్సరమున సైన్యము విడిచి, మాజీ సైనికులకై యొక సహజీవన సంఘమును నెలకొల్పెను. అది అప్పులపాలై చెడెను. మిగిలినది లెకోర్టు అను పెద్దయిల్లు మాత్రమే. 1948లో ఆర్థర్ డైక్స్ అనునాతడు, ఆసుపత్రివారు చేయునదేమియు లేదని చెప్పిన రాచపుండు వ్యాధి పీడితుడు, ఆశ్రయము కోరెను. చెషైరు అతనిని ఆ యింటికి తెచ్చి, తానే వండిపెట్టి, బట్టలుతికి, మరణించువరకు శుశ్రూష చేసెను. ఈ వార్త విని మరికొందరు రోగులు వచ్చిరి. చెషైరు గృహములకు ఇదియే ఆరంభము. ఆ యేడు క్రిస్మసు ముందురోజున అతడు కథోలిక సంఘమున చేరెను.

తరువాత క్షయవ్యాధిచే తానే రెండేండ్లకు పైగా ఆసుపత్రిలో పడియుండెను. కోలుకొని మన దేశమునకు వచ్చి బొంబాయి సమీపమున అంధేరిలో నొక గృహము స్థాపించెను. 1959 ఏప్రిల్ 5వ తేదీన బొంబాయిలోనే స్యూ రైడరను సేవాపరాయణను వివాహమాడెను. ఆ దంపతులు డెహరాడూనులో కుష్ఠరోగులకును వికలాంగ బాలురకును రాఫెలను ఆశ్రమమును నెలకొల్పిరి. 1992 జూలై 31వ తేదీన నరముల వ్యాధితో చెషైరు మరణించునాటికి అతని గృహములు దాదాపు 50 దేశములకు వ్యాపించెను.

విద్యార్థులారా! మంచము పట్టిన వృద్ధుడో, నడువలేని బాలుడో లేని వీధి మన మొవ్వ ప్రాంతమున అరుదు. చెషైరు సేవ యొక్క రోగితో మొదలయ్యెను. మీరును అట్టివారి యింటికొక కడవ నీరు మోసియిచ్చి ఆరంభింపవచ్చును.