లాబీలో ఒక చివర బార్, ఇంకో చివర ఫోన్

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒక గదిలో కూర్చుని తమ సంగతులు ఒకరికొకరు చెప్పుకునే మీటింగులు ఇవాళ చాలా దేశాల్లో జరుగుతున్నాయి. మన హైదరాబాద్‌, సికింద్రాబాద్‌లలో కూడా ఉన్నాయి. ఆల్కహాలిక్స్ అనానిమస్, పొట్టిగా ఏఏ అంటారు. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడు బిల్ విల్సన్.

1895 నవంబర్ 26న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఈస్ట్ డోర్సెట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోతే అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగాడు. బూమరాంగ్ చెయ్యడం ఆస్ట్రేలియా వాళ్లకి తప్ప ఎవరికీ రాదని తాతయ్య ఒకసారి అన్నాడట. అంతే, పిల్లాడు నెలల తరబడి చెక్కలు చెక్కి, విసిరితే తిరిగొచ్చేదాన్ని తయారుచేసి చూపించాడు. ఇది గుర్తుపెట్టుకోండి. తాగుబోతు అనగానే మనం పట్టుదల లేనివాడు అనేస్తాం కదా.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆర్మీ ఆఫీసరుగా ఉన్నప్పుడు ఒక పార్టీలో మొదటిసారి తాగాడు. నలుగురిలో నోరు పెగలని బిడియస్థుడికి ఆ గ్లాసుతో మాటలు వచ్చేశాయి. గచ్చిబౌలిలో ఫస్ట్ శాలరీ పార్టీకో, టీమ్ డిన్నర్‌కో వెళ్లినవాళ్లకి ఈ సీన్ కొత్తేం కాదు. తర్వాత లా చదివాడు, పట్టా మాత్రం తెచ్చుకోలేదు. 1925లో భార్య లోయిస్‌తో కలిసి మోటార్ సైకిల్ మీద ఊరూరా తిరిగి, కంపెనీలు నిజంగా ఎలా నడుస్తున్నాయో చూసి, షేర్లు కొనేవాళ్లకి రిపోర్టులు రాశాడు. డబ్బు బాగానే వచ్చింది. 1929లో మార్కెట్ కుప్పకూలింది, తాగుడు మాత్రం పెరిగింది. లోయిస్ బట్టలు, సామాన్ల షాపులో ఉద్యోగం చేసి ఇల్లు నడిపింది.

న్యూయార్క్‌లోని టౌన్స్ హాస్పిటల్‌లో నాలుగుసార్లు చేరాడు. అక్కడి డాక్టర్ సిల్క్‌వర్త్, ఇది గుణం లోపం కాదు, జబ్బు అని చెప్పాడు. 1934 డిసెంబర్ 11 తర్వాత బిల్ మళ్లీ తాగలేదు. ఆ ఊపులో ఐదు నెలలు కనిపించిన తాగుబోతునల్లా మాన్పించబోయాడు. ఒక్కడూ మానలేదు. నువ్వు మాత్రం తాగకుండా ఉన్నావు కదా అని గుర్తుచేసింది లోయిస్.

1935 మేలో పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ వెళ్లాడు. అనుకున్న పని చెడిపోయింది, జేబు ఖాళీ, ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒక పక్క బార్ నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఇంకో పక్క ఫోను, దాని దగ్గర ఊళ్లోని చర్చిల జాబితా. తను తాగకుండా ఉండాలంటే తనలాంటి ఇంకొకడితో మాట్లాడాలని ఆ క్షణంలో అర్థమైంది. ఒక పాస్టర్‌కి ఫోన్ చేశాడు, ఆయన ఇచ్చిన పేర్లన్నిటికీ చేశాడు. చివరికి హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆవిడ మర్నాడు తన ఇంటికి రమ్మంది. అక్కడికి డాక్టర్ బాబ్ స్మిత్ వచ్చాడు. తాగుడుతో ప్రాక్టీసు పాడుచేసుకున్న సర్జన్. పదిహేను నిమిషాలు కూర్చుంటే గొప్ప అనుకుని వచ్చినవాడు రాత్రి పదకొండు దాటేదాకా లేవలేదు. బిల్ నీతులు చెప్పలేదు, తన కథే చెప్పాడు. మధ్యలో ఒకసారి జారినా, ఆ జూన్ 10 తర్వాత బాబ్ కూడా ముట్టలేదు. ఏఏ పుట్టినరోజుగా లెక్కపెట్టేది ఆ తేదీనే.

పోయిన వేసవిలో మాదాపూర్‌లో ఇంటర్న్‌షిప్ చేసినప్పుడు మా టీమ్‌లోని ఒక సీనియర్, మీటింగ్ ఎక్కడుందో వెతికిపెట్టమని నన్ను అడిగాడు. ఆఫీసు లాప్‌టాప్‌లో వెతకాలంటే ఆ అన్నకి భయం, సొంత ఫోన్‌లో వెతకాలంటే సిగ్గు. అడ్రస్ దొరికాక ఇంకో గుబులు: ఆఫీసువాళ్లెవరైనా అక్కడ కనిపిస్తే? వాళ్లూ అదే పని మీద వచ్చినట్టే కదన్నా అన్నాను. నవ్వాడు. రెండు ఆదివారాలు వాయిదా వేసి, మూడో ఆదివారం వెళ్లాడు. లోపల ఏం జరిగిందో నేను అడగలేదు. తర్వాతి వారం మళ్లీ వెళ్లాడు.

ఆయన గుబులుకి జవాబు ఆ సంస్థ పేరులోనే ఉంది. అనానిమస్ అంటే పేరు బయటపెట్టనివాళ్లు. ఫీజు లేదు, తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. కొన్ని మీటింగులు ఓపెన్, ఇంట్లోవాళ్లు, ఫ్రెండ్స్ కూడా కూర్చోవచ్చు. బిల్ కూడా బయట బిల్ డబ్ల్యూగానే ఉన్నాడు. 1954లో యేల్ యూనివర్సిటీ గౌరవ డిగ్రీ ఇస్తానంటే వద్దన్నాడు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. మందు మానేశాక కూడా ఏళ్ల తరబడి డిప్రెషన్‌తో బాధపడ్డాడు. సిగరెట్ వదల్లేక ఊపిరితిత్తులు పాడయ్యి 1971 జనవరి 24న పోయాడు.

ఒక్క మాట. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ప్రమాదం. బిల్ ఆపింది కూడా హాస్పిటల్లోనే. కాబట్టి ముందు డాక్టరు, ఆ తర్వాత మీటింగు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి హైటెక్ సిటీ నుంచి మెట్రోలో వెళ్లొచ్చు. అమీర్‌పేటలో మారి, మియాపూర్ వైపు మూడో స్టేషన్. ఎవరితో మొదలుపెట్టాలో తెలీకపోతే 14446కి ఫోన్ చెయ్యండి, అది కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. మీకు అవసరం లేకపోయినా నంబర్ సేవ్ చేసుకోండి. హాస్టల్లో ఏదో ఒక రాత్రి పక్క గదివాడు అడగొచ్చు.