మత్తడి లెక్క తెలిసిన మోక్షగుండం

ప్రతి సెప్టెంబర్ 15న మన కాలేజీల్లో ఒక ఫొటోకి దండ పడుతుంది. తలపాగా, కోటు, టై, ముఖంలో నవ్వు లేదు. కృష్ణరాజసాగర్ కట్టారు, భారతరత్న వచ్చింది అని రెండు ముక్కలు చెప్పి, సమోసాలు పంచి, క్లాసుకి పొమ్మంటారు. ఆ ప్రసంగాల్లో శంషాబాద్ పేరు ఎప్పుడూ వినలేదు. నిజానికి రావాలి. మూసీ వరద గురించి మోక్షగుండం విశ్వేశ్వరయ్య వేసిన లెక్కల్లో శంషాబాద్ వర్షమాపకం అంకెలు కీలకం. 1908 సెప్టెంబర్ చివర్లో ఇక్కడ 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన పడింది. ఇవాళ విమానాలు దిగే ఈ నేల మీద పడ్డ వానే కిందికి పోయి హైదరాబాద్‌ని ముంచిన వరదలో కలిసింది.

ఆయన మనకి పరాయివాడేం కాదు. మోక్షగుండం గిద్దలూరు ప్రాంతంలోని ఊరు. పూర్వీకులు అక్కడి నుంచి మైసూర్ రాజ్యానికి వలసపోయారు, ఊరి పేరు ఇంటిపేరుగా మిగిలింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. 1861లో చిక్కబళ్ళాపూర్ దగ్గర ముద్దేనహళ్ళిలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి శ్రీనివాసశాస్త్రి పోయారు. బెంగళూరులో పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ బీఏ చేశారు. మైసూర్ ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పుణె వెళ్ళి ఇంజనీరింగ్ చదివి, 1883లో ఫస్ట్ వచ్చారు. మర్నాడే అన్నట్టు, 1884లో బొంబాయి ప్రభుత్వ పీడబ్ల్యూడీలో అసిస్టెంట్ ఇంజనీర్.

మొదట్లో అప్పగించిన పనుల్లో ఒకటి ఖాందేశ్‌లో, పంజ్రా నది ప్రాంతంలో, పైపు సైఫన్ వేయడం. ఒక కాలువ నీళ్ళని వాగు కింద నుంచి పైపులో దించి, అవతలి గట్టున మళ్ళీ పైకి తేవాలి. మోటారు లేదు, పంపు లేదు. ఇవతల మట్టం కాస్త ఎక్కువ, అవతల కాస్త తక్కువ, అంతే. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మనం సగం నిద్రలో రాసుకునే సమీకరణం ఇదే. వానాకాలంలో, వాగు పొంగుతుంటే ఆ పని చేయడం మాత్రం నోట్స్‌లో ఉండదు. ఆ తర్వాత సింధ్‌లోని సుక్కూరులో నీటి సరఫరా చూశారు. నీళ్ళు వడకట్టే ఫిల్టర్లు కట్టించడానికి అక్కడి మునిసిపాలిటీ దగ్గర డబ్బుల్లేవు. దాంతో నది గర్భంలోనే బావి దించి, ఇసుకలోంచి ఊరి వచ్చిన తేట నీళ్ళని తోడించారు. నది ఇసుకే ఫిల్టర్ అయిపోయింది.

అన్నిటికన్నా నాకు నచ్చేది మాత్రం ఖడక్‌వాస్లా గేట్లు. పుణె దగ్గర ఫైఫ్ చెరువు అనేవాళ్ళు. ఏటా వరద రాగానే నీళ్ళు మత్తడి దుంకి వృథాగా పోయేవి, ఎండాకాలం వస్తే కరువు. కట్ట ఎత్తు పెంచితే ఖర్చు, పాత గోడ తట్టుకుంటుందో లేదో తెలీదు. 1903 నాటికి ఆయన మత్తడి మీదే గేట్లు పెట్టించారు. నీళ్ళు అనుకున్న మట్టం దాకా వచ్చేవరకు గేట్లు మూసుకునే ఉంటాయి. మట్టం దాటితే, ఎదురు బరువుల అమరికతో వాటంతట అవే తెరుచుకుంటాయి. తగ్గగానే మళ్ళీ మూసుకుంటాయి. అర్ధరాత్రి వానలో ఎవడూ వెళ్ళి చక్రం తిప్పక్కర్లేదు. కట్ట ముట్టుకోకుండానే నిల్వ మట్టం సుమారు 8 అడుగులు పెరిగింది. పేటెంట్ తీసుకున్నారు కానీ రాయల్టీ మాత్రం వద్దన్నారు. తర్వాత గ్వాలియర్ దగ్గర తిగ్రా డ్యాంలోను, కృష్ణరాజసాగర్‌లోను ఇవే గేట్లు వచ్చాయి.

ఇదంతా డ్యాముల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళకి ఒక చిన్న పోలిక. పగడాలతో సముద్రపు చేపల ట్యాంకు పెట్టుకునేవాళ్ళని అడగండి. పైన ట్యాంకులో ఒక మూల పళ్ళున్న గోడ, అంటే చిన్న మత్తడి. దాన్ని దుంకిన నీళ్ళు పైపులోంచి కింద సంప్‌లోకి పోతాయి, అక్కడ శుభ్రమయ్యాక పంపు మళ్ళీ పైకి పంపుతుంది. బాగానే ఉంటుంది, కరెంటు పోయేదాకా. పోయిందా, పైన నీళ్ళు మత్తడి మట్టానికి దిగేదాకా కిందికి వస్తూనే ఉంటాయి. పైకి పంపే పైపు మూతి నీళ్ళలో మునిగి ఉంటే అది కూడా సైఫన్ అయిపోయి వెనక్కి లాగేస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు ఆ పైపుకి నీటిమట్టం దగ్గర చిన్న బెజ్జం పెడతారు, మట్టం తగ్గగానే గాలి దూరి సైఫన్ తెగిపోవడానికి. పక్కన ఇంకో డ్రెయిన్ పైపు ఊరికే పొడిగా ఉంచుతారు, మొదటిదాంట్లో ఏ నత్తో ఇరుక్కుంటే పనికొస్తుందని. అన్నిటికంటే ముఖ్యం, సంప్‌లో ఖాళీ. వెనక్కొచ్చే నీళ్ళెన్నో లెక్కేసి అంత చోటు వదలాలి. సంప్ నిండుగా ఉందని మురిసిపోతే మీ గది నేల సముద్రమవుతుంది.

1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌కి జరిగింది అదే. నగరానికి ఎగువన మూసీ పరీవాహకం 862 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులు, దాదాపు మైలుకొకటి. గొలుసుకట్టు చెరువులు కదా, ఒకదాని మత్తడి నీళ్ళే కిందిదానికి ఆధారం. వానాకాలం చివర ఇవి నిండుగా ఉండేవే. అలాంటప్పుడు పైది తెగితే కిందిది ఆగదు. 221 చెరువులు తెగాయి. ప్రవాహం ఒక దశలో 4,25,000 క్యూసెక్కులకి చేరింది. చనిపోయినవాళ్ళు 15 వేల మంది దాకా ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి బతికినవాళ్ళ కథ మీరు వినే ఉంటారు.

అప్పటికి విశ్వేశ్వరయ్య బొంబాయి ఉద్యోగం వదిలేసి విదేశాలు తిరుగుతున్నారు. నిజాం ప్రభుత్వం కబురు అక్కడికే వెళ్ళింది. 1909 ఏప్రిల్‌లో వచ్చి, కొన్ని నెలలే ఉన్నారు. ముందు వాన అంకెలు, చెరువుల అంకెలు, వంతెనల దగ్గర నీటి గుర్తులు పోగుచేయించారు. నగరంలో నదికి గోడలు కడితే చాలనలేదు. వరదని ఊరికి పైనే ఆపాలన్నారు, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు. వాటిలో వరద కోసం చోటు ఉండాలి. దాంతోపాటు నగరానికి మురుగు కాలువల వ్యవస్థ, నది ఒడ్డున తోటలు. ఆ ఏడాది నవంబర్‌లోనే మైసూర్ చీఫ్ ఇంజనీర్‌గా వెళ్ళిపోయారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో మన పక్కనున్న హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. కట్టినవాళ్ళు వేరే, అలీ నవాజ్ జంగ్ లాంటి ఇక్కడి ఇంజనీర్లు. వాళ్ళ గురించి ఇంకో సంచికలో ఎవరైనా రాయాలి.

మైసూర్ రోజులు అందరికీ తెలిసినవే. కృష్ణరాజసాగర్, 1912 నుంచి దివాన్‌గిరీ, భద్రావతి ఉక్కు, బెంగళూరు ఇంజనీరింగ్ కాలేజీ. 1918లో దివాన్ పదవి వదిలేశారు. వెనుకబడిన వర్గాలకి ఉద్యోగాల్లో రిజర్వేషన్లు ఇవ్వాలన్న ఆలోచన ఆయనకి నచ్చలేదు, మహారాజుతో అక్కడ పొసగలేదు. నీటి మట్టాల్లో అంత చూపున్న మనిషికి మనుషుల మట్టాల్లో తేడా ఎందుకు కనపడలేదో! దండలేసే రోజున ఈ మాట కూడా చెప్పుకోవాలి. 1922లో మళ్ళీ హైదరాబాద్ వచ్చి మురుగు కాలువల పనికి సలహా ఇచ్చారు. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్ళు నిండాక పోయారు.

ఆయన వదిలిన లెక్కలో చిక్కు ఇప్పటికీ తీరలేదు. అదే జలాశయం నుంచి తాగునీళ్ళు కావాలంటే నిండుగా ఉండాలి, వరద ఆపాలంటే ఖాళీ ఉండాలి. గండిపేట నీళ్ళ రుచి గురించి హైదరాబాదీలు ఎంత చెప్పుకున్నారో, ఆ ఖాళీ గురించి అంత తక్కువ. 1996లో 111 జీవో రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర పెద్ద కట్టడాలని ఆపింది. ఎక్కువగా వినపడింది తాగునీటి వాదన. కృష్ణా, గోదావరి నీళ్ళొచ్చాయి కాబట్టి ఇక అవసరం లేదన్నారు, 2022లో ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. కానీ శంషాబాద్ మీద పడే వానకి కృష్ణా నీళ్ళొచ్చిన సంగతి తెలీదు. అప్పట్లో మట్టిలో ఇంకిన నీళ్ళలో కొంత ఇప్పుడు తారు మీద, స్లాబు మీద నుంచి నేరుగా జారుతుంది. 2020 అక్టోబర్‌లో, పదేళ్ళ తర్వాత, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సి వచ్చింది.

ఈ ఆదివారం ఖాళీగా ఉంటే వెళ్ళి రండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే, గేట్లు 17 ఉంటాయి. ఎత్తి ఉన్న రోజైతే మాత్రం సర్వీస్ రోడ్డు మూసేస్తారు, ముందే కనుక్కోండి.