శ్రమగౌరవ సాధకుడు – రావి నారాయణరెడ్డి

మానవుడు తన జీవితకాలంలో అధిక భాగాన్ని పనిలోనే గడుపుతాడు. పొలంలోనైనా, కర్మాగారంలోనైనా, కార్యాలయంలోనైనా పని చేసే చోట మనసు ప్రశాంతంగా ఉంటే ఆ ప్రశాంతత ఇంటికి కూడా వస్తుంది. పని చేసే చోట అవమానం ఎదురైతే అది నిద్రలోనూ వెంటాడుతుంది. శరీరశ్రమ వల్ల కలిగే అలసట రాత్రి విశ్రాంతితో తీరిపోతుంది. కాని ఇష్టం లేని పనిని, కూలి లేని పనిని, తిట్లు తింటూ చేయవలసి వచ్చినప్పుడు కలిగే అలసట విశ్రాంతితో తీరేది కాదు. అటువంటి చాకిరిలో తరతరాలుగా మగ్గిన తెలంగాణ పల్లె ప్రజలకు తలెత్తుకొని పని చేసుకునే హక్కు కావాలని పోరాడిన నాయకులలో రావి నారాయణరెడ్డి అగ్రగణ్యులు.

నారాయణరెడ్డి 1908 జూన్ నెలలో నల్లగొండ జిల్లా భువనగిరి తాలూకాలోని బొల్లేపల్లి గ్రామంలో జన్మించారు. ఈ గ్రామం నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. వారిది సంపన్నమైన భూస్వామ్య కుటుంబం. ఆనాటి సంప్రదాయం ప్రకారం ఆయన కూడా తన భూములను చూసుకుంటూ, గ్రామంలోని వారిచేత సేవలు చేయించుకుంటూ సుఖంగా కాలం గడపవచ్చు. కాని హైదరాబాదులో చదువుకుంటున్న రోజులలోనే ఆయన మనసు జాతీయోద్యమం వైపు మళ్ళింది. 1930లో ఉప్పు సత్యాగ్రహం దేశాన్ని కదిలించినప్పుడు చదువును పక్కన పెట్టి కాకినాడకు వెళ్ళి ఉద్యమంలో పాల్గొన్నారు. తిరిగి వచ్చిన తరువాత హరిజన సేవా కార్యక్రమాలలో నిమగ్నులయ్యారు. ఊరి చివరి వాడలలోని బతుకులను దగ్గరగా చూసే అవకాశం ఆయనకు ఈ కాలంలోనే లభించింది.

ఆ బతుకులను పీడిస్తున్న దురాచారం పేరు వెట్టిచాకిరి. నిజాం పాలనలోని తెలంగాణ గ్రామాలలో దేశ్‌ముఖులు, జాగీర్దారులు, పటేల్ పట్వారీలు ప్రజలచేత ప్రతిఫలం లేకుండా పని చేయించుకునేవారు. ఒక్కొక్క దేశ్‌ముఖు చేతిలో వేల ఎకరాల భూమి ఉండేది. చాకలి దొర ఇంటి బట్టలు ఉతకాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి. మాదిగ చెప్పులు కుట్టి ఇవ్వాలి. గొల్లవాడు గొర్రెలను, సాలెవాడు బట్టను, గౌడు కల్లును సమర్పించుకోవాలి. ఉత్తరాలు మోసుకొని ఒక ఊరి నుంచి మరొక ఊరికి కాలినడకన పోవలసిన వారు కొందరు. అధికారులు పర్యటనకు వస్తే బండ్లు కట్టి సామాను చేరవేయవలసిన వారు మరికొందరు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలు వానను, చెరువును నమ్ముకున్న మెట్ట ప్రాంతాలు. ఇక్కడి ఎర్ర చెలకలలో అదనుకు విత్తనం పడకపోతే ఆ యేటి పంట పోయినట్లే. సరిగ్గా అటువంటి అదనులోనే రైతుకు దొర పొలం నుంచి పిలుపు వచ్చేది. ముందు దొర పొలం దున్నాలి, దొర పొలానికి నీరు పెట్టాలి. ఆ తరువాతనే తన చెలక సంగతి చూసుకోవాలి. కళ్ళ ముందు తన పదును ఆరిపోతుంటే ఇతరుల పొలంలో నాగలి పట్టిన రైతు మనోవేదన మాటలకు అందనిది.

వెట్టి దోచుకున్నది శ్రమను మాత్రమే కాదు. అది మనిషి ఆత్మగౌరవాన్ని కూడా హరించింది. గడీ ముందు నుంచి నడిచేటప్పుడు చెప్పులు విడిచి చేతపట్టుకోవాలి. దొర ఎదుట కూర్చోరాదు. తనను తాను బాంచ అని, అంటే బానిస అని చెప్పుకుంటూ మాట్లాడాలి. ఏళ్ళ తరబడి ఇలా మాట్లాడిన మనిషి చివరకు తాను తక్కువవాడినే అని నమ్మే స్థితికి చేరుకుంటాడు. వెట్టి చేసిన గాయాలలో ఇదే లోతైనది.

ఈ దురాచారంపై పోరాటం నారాయణరెడ్డితోనే మొదలు కాలేదు. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం తొలినాళ్ళ నుంచే వెట్టి విషయంలో ప్రజలను మేల్కొలిపే ప్రయత్నం చేసింది. సూర్యాపేటలో పెరిగిన మాడపాటి హనుమంతరావు ఈ కృషికి మార్గదర్శకులు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. 1931లో దేవరకొండలోను, 1936లో షాద్‌నగర్‌లోను మహాసభలు సమావేశమయ్యాయి. విద్యావంతులైన పెద్దలు విజ్ఞప్తుల ద్వారా, తీర్మానాల ద్వారా, పత్రికల ద్వారా ప్రభుత్వాన్ని కదిలించాలని ప్రయత్నించారు. వెట్టిని కట్టడి చేస్తూ కాగితాల మీద ఉత్తర్వులు కూడా వెలువడ్డాయి. కాని ఆ ఉత్తర్వులు గడీ గోడలను దాటి గ్రామంలోకి రాలేదు. వెట్టి చేసేవానికి ఆ ఉత్తర్వు సంగతి తెలియదు. తెలిసినా దానిని చూపించి కాదనగల ధైర్యం అతనికి లేదు.

ఆ ధైర్యాన్ని కలిగించడమే నారాయణరెడ్డి, ఆయన సహచరులు తమ కర్తవ్యంగా స్వీకరించారు. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో పాల్గొని ఆయన కారాగారానికి వెళ్ళారు. ఆ తరువాత కమ్యూనిస్టు ఉద్యమంలో చేరారు. 1941లో చిలుకూరులో జరిగిన ఎనిమిదవ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. అప్పటి నుంచి మహాసభలో రైతుకూలీల సమస్యలకు ప్రాధాన్యం పెరిగింది. 1944లో భువనగిరిలో జరిగిన పదకొండవ మహాసభకు కూడా ఆయనే అధ్యక్షులు. మితవాదులు ఆ సభకు దూరంగా ఉండిపోవడంతో మహాసభ రెండుగా చీలింది. సభ్యత్వ రుసుమును ఒక అణాకు తగ్గించడం ఈ కాలంలో తీసుకున్న కీలకమైన నిర్ణయం. అంతవరకు చదువుకున్నవారి వేదికగా ఉన్న మహాసభ ఆ ఒక్క అణాతో కూలివాని చేతికి అందింది. పల్లె ప్రజలు దానిని తమ నోట సంగం అని పిలుచుకున్నారు.

సంగం చేసిన పని ఏమిటి? మొట్టమొదట అది మనిషిని మనిషి పక్కన నిలబెట్టింది. వెట్టికి రానని ఒక్కడు అంటే గడీలో దెబ్బలు తినవలసి వచ్చేది. ఊరంతా కలిసి రామంటే కొట్టడానికి చేతులు చాలవు. తన బాధ తన తలరాత కాదని, పక్కింటివాని బాధ కూడా అదేనని, దానికి కారణం ఒకటేనని తెలిసిన క్షణంలో మనిషి గుండె బరువు సగం తగ్గుతుంది. కార్యకర్తలు ఊరూరా తిరిగి ప్రజలతో కలిసి కూర్చున్నారు. పాటలతో, కళారూపాలతో వారికి అర్థమయ్యే భాషలో విషయం చెప్పారు. భూస్వామి ఇంట పుట్టిన నారాయణరెడ్డి తన భూమిని పేదలకు పంచి ఇవ్వడం చూసినవారికి ఆ మాటలపై నమ్మకం కుదిరింది. దొరతనాన్ని వదులుకోవచ్చునని ఒక దొరబిడ్డ ఆచరణలో చూపించాడు.

ఊరి తరువాత ఊరు వెట్టిని నిలిపివేసింది. కూలి రేట్లు పెంచాలని కూలీలు పని ఆపి అడగడం నేర్చుకున్నారు. ఇందులో స్త్రీల పాత్ర కూడా గొప్పది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంట దొర గడీకి చేరకుండా సంగం అండతో కాపాడుకున్నది. ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం వంటి మహిళలు కలిగిన కుటుంబాల నుంచి వచ్చి కూలీల పక్షాన నిలిచారు.

అయితే ఈ మార్పు రక్తపాతం లేకుండా రాలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషులు జరిపిన కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించాడు. కడవెండి ఆనాడు నల్లగొండ జిల్లాలోనిదే. ఆ మరణంతో ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. రజాకార్ల దాడులలో, పోరాటంలో, అణచివేతలో వేలాది ప్రాణాలు పోయాయి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించడంతో నిజాం పాలన అంతమైంది. ఆ తరువాత కూడా ఆయుధాలు పట్టి పోరాడడం తగదని నారాయణరెడ్డి భావించారు. ప్రజలు సాధించుకున్నదానిని నిలబెట్టుకోవడం ముఖ్యమని, అనవసరంగా ప్రాణాలు బలి కారాదని ఆయన అభిప్రాయం. ఈ విషయంలో సొంత సహచరులే ఆయనను తీవ్రంగా విమర్శించారు. ఆయన తన అభిప్రాయాన్ని మార్చుకోలేదు. చివరకు 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. వేలమందిని పోరాటంలోకి నడిపించిన నాయకుడు ఇక ఆపుదామని చెప్పడానికి కూడా ఎంతో ధైర్యం కావాలి.

1952లో జరిగిన తొలి సాధారణ ఎన్నికలలో ఆయన ప్రజాస్వామ్య వేదిక అభ్యర్థిగా నల్లగొండ నుంచి లోక్‌సభకు పోటీ చేశారు. దేశంలోనే అత్యధిక ఓట్లు పొంది గెలుపొందారు. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూకు లభించిన ఓట్ల కంటే అవి అధికం. ఈ విజయంలో ఒక విశేషం ఉంది. కొన్నేళ్ళ క్రితం వరకు గడీ ముందు తల వంచుకొని నడిచినవారు, బాంచ అనే మాట లేకుండా నోరు విప్పలేకపోయినవారు ఆ రోజు వరుసలో నిలబడి తమ ఇష్టప్రకారం ఓటు వేశారు. వారి మనసులోని భయం ఎంతవరకు తొలగిపోయిందో ఆ ఓట్ల సంఖ్య తెలియజేసింది.

ఆ తరువాత ఆయన రాష్ట్ర శాసనసభలోను, 1962 నుంచి మరొకసారి లోక్‌సభలోను ప్రజలకు ప్రాతినిధ్యం వహించారు. తన అనుభవాలను గ్రంథస్థం చేసి భావితరాలకు అందించారు. 1991 సెప్టెంబరు 7న కన్నుమూశారు. భారత ప్రభుత్వం 1992లో ఆయనకు పద్మవిభూషణ్ పురస్కారాన్ని ప్రకటించి గౌరవించింది.

నారాయణరెడ్డి తరం కోరినది క్రమంగా దేశ శాసనంగా రూపుదాల్చింది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని, బలవంతపు చాకిరిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. అయినా సమస్య పూర్తిగా సమసిపోలేదు. కరువు వల్ల వలసబాట పట్టిన మహబూబ్‌నగర్ కూలీలు పాలమూరు లేబర్ పేరుతో దేశంలోని ఎన్నో ఆనకట్టలను కట్టారు. మేస్త్రీ వద్ద తీసుకున్న బయానా తీరేవరకు కుటుంబాలకు కుటుంబాలు దూరప్రాంతాలలో గుడిసెలు వేసుకొని పని చేశాయి. దొర స్థానంలోకి అప్పు వచ్చి కూర్చున్నది. పనిని వదలి పోయే స్వేచ్ఛ లేనిచోట వెట్టి మరొక రూపంలో బతికే ఉన్నట్లు లెక్క.

నేటి యువకులు పని చేయబోయే చోట్లు వేరు. అక్కడ గడీలు ఉండవు, కంప్యూటర్లు ఉంటాయి. కాని మనిషి మనసు మారలేదు. ఉద్యోగస్థలాలలో మానసిక ఆరోగ్యం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో మార్గదర్శకాలను వెలువరించింది. మితిమీరిన పనిభారం, తన పనిపై తనకు అదుపు లేకపోవడం, వివక్ష, వేధింపులు ఉద్యోగి మనసును దెబ్బతీస్తాయని ఆ సంస్థ పేర్కొన్నది. ఈ జాబితాను చదివిన తెలంగాణ పల్లె వృద్ధునికి ఇందులో కొత్త విషయం ఏమీ కనిపించదు. అతని తాతముత్తాతలు వీటన్నింటినీ ఒక్క మాటలో వెట్టి అని పిలిచారు.

పని చేసే చోట ఆనందం పైవారి దయవల్ల లభించే కానుక కాదని నారాయణరెడ్డి జీవితం తెలియజేస్తున్నది. శ్రమకు తగిన ప్రతిఫలం, మర్యాదతో కూడిన పలకరింపు, కాదనగల స్వేచ్ఛ, కష్టంలో తోడు నిలిచే సహచరులు ఉన్నప్పుడు ఎంతటి కఠినమైన పనిలోనైనా మనిషి మనసు కుదుటగా ఉంటుంది. రేపు ఒకరి కింద పని చేయబోయే యువకులు, మరొక రోజున ఇతరులచేత పని చేయించే స్థానంలోకి కూడా రావచ్చు. అప్పుడు తమ ఎదుట నిలబడినవారిని కూర్చోమని చెప్పగలిగితే, వారి పేరును గౌరవంతో పిలవగలిగితే, బొల్లేపల్లి దొరబిడ్డ తన జీవితమంతా సాగించిన కృషిని వారు తమ వంతుగా ముందుకు తీసుకుపోయినవారవుతారు.