ప్రేక్షకోత్తముడు శామ్యూల్ పీప్స్

నాటక చరిత్రలు కవులను స్మరిస్తాయి, నటులను స్మరిస్తాయి. ప్రేక్షకుణ్ణి స్మరించేవి బహు అరుదు. అతడు లేనిదే నాటకం లేదు. అయినా తెర పడగానే అతడు జనంలో కలిసిపోతాడు. అట్లా కలిసిపోకుండా, తాను చూచిన నాటకాలను తేదీలతో సహా వ్రాసిపెట్టుకొన్న ప్రేక్షకుడొకడు 17వ శతాబ్దపు లండనులో ఉండేవాడు. అతడే శామ్యూల్ పీప్స్. సంక్షిప్తలిపిలో తన కోసం వ్రాసుకొన్న దినచర్య అతనికి ఆంగ్ల సాహిత్యంలో శాశ్వతస్థానం సంపాదించి పెట్టింది.

పీప్స్ 1633 ఫిబ్రవరి 23న లండనులో ఒక దర్జీ ఇంట జన్మించాడు. అతడు తొమ్మిదేండ్ల బాలుడై ఉండగా, 1642లో రాజుకూ పార్లమెంటుకూ అంతర్యుద్ధం సంభవించింది. దేశం విపత్తులో ఉన్నవేళ వినోదాలు తగవని పార్లమెంటు నాటకశాలలను మూయించింది. షేక్స్‌పియరు గతించి అప్పటికి 26 సంవత్సరాలు మాత్రమే అయింది. మూతపడిన తలుపులు 18 ఏండ్ల దాకా సక్రమంగా తెరుచుకోలేదు. సెంట్ పాల్స్ పాఠశాలలో విద్యాభ్యాసం, కేంబ్రిడ్జిలో పట్టం, 1655లో ఎలిజబెత్‌తో వివాహం, ఇవన్నీ పీప్స్ జీవితంలో నాటకం లేని కాలంలోనే జరిగిపోయాయి. 1658లో, మత్తుమందులు లేని ఆ రోజులలో, అతడు శస్త్రచికిత్సకు ఒడిగట్టి మూత్రకోశంలోని రాతిని తీయించుకొన్నాడు. బ్రతికి బయటపడిన ఆ దినాన్ని ఏటేటా విందుతో జరుపుకోవాలని సంకల్పించుకొన్నాడు. జీవితం ఎంత విలువైనదో ఆ విధంగా ఎరిగినవాడు ఆనందాన్ని తేలికగా చూడడు.

1660లో రెండవ చార్లెస్ తిరిగి సింహాసనమెక్కాడు. కిల్లిగ్రూ, డావెనంట్ అనే ఇద్దరు పెద్దల నాయకత్వాన రెండు నాటక సమాజాలకు రాజానుమతి లభించింది. ఆ ఏడే పీప్స్‌కు నౌకాదళ కార్యాలయంలో ఉద్యోగమైంది. దినచర్య వ్రాయడం కూడా ఆ జనవరి 1ననే మొదలుపెట్టాడు. అంతవరకు ఇంగ్లండులో స్త్రీ పాత్రలను యువకులే ధరించేవారు. కైనస్టన్ అనే యువనటుని స్త్రీవేషం చూచి పీప్స్ ముగ్ధుడైనాడు. స్థానం నరసింహారావుగారి కీర్తి నెరిగిన తెలుగువారికి ఇది వింత కాదు. 1661 జనవరి 3న మొట్టమొదటిసారిగా స్త్రీలు రంగస్థలంపై నటించడం చూచాడు. ఆ ఆగస్టులోనే డావెనంట్ నాటకశాలలో, మారే రంగాలంకరణ మధ్య, బెటర్టన్ హామ్లెట్ పాత్రను ధరించగా చూచి పరవశించాడు.

ఆనాటి ప్రదర్శనలు మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతాన మొదలయ్యేవి. కొవ్వొత్తులే దీపాలు. వేదిక ముందరి బల్లలకు రెండున్నర షిల్లింగులు, మధ్య గ్యాలరీకి 18 పెన్నీలు, పై గ్యాలరీకి 12 పెన్నీలు రుసుము. బత్తాయిలమ్మే స్త్రీలు బల్లల నడుమ తిరుగుతుండేవారు. తొలి రోజులలో గ్యాలరీలో కూర్చున్న పీప్స్, హోదా పెరిగిన కొద్దీ క్రిందికి దిగి గొప్పవారి నడుమ కూర్చున్నాడు.

అయితే ఈ ఆనందం అతనిని బాధించింది కూడ. ఆఫీసు పని వెనుకబడేది, డబ్బు ఖర్చయ్యేది, మనస్సు నిందించేది. 1661 డిసెంబరు ఆఖరున నాటకాలనూ మద్యాన్నీ మానుతానని ప్రతిజ్ఞ పట్టాడు. తప్పితే బీదల హుండీలో అపరాధం వేయాలని నియమం పెట్టుకొన్నాడు. ఆ నియమం వృథా కాలేదు. 1662లో, 29 ఏండ్ల వయస్సులో, ఓడ ఉద్యోగి ఒకని వద్ద కూర్చొని గుణకారపు ఎక్కాలు నేర్చుకొన్నాడు. కలప కొలతలు తెలుసుకొని, ప్రభుత్వాన్ని మోసగించే వ్యాపారుల ఆట కట్టించగల అధికారియైనాడు. అయినా నాటకశాల పిలుపు మానలేదు. ప్రతిజ్ఞలో సందులు వెదికేవాడు, తప్పేవాడు, అపరాధం చెల్లించేవాడు, మళ్లీ ప్రతిజ్ఞ పట్టేవాడు.

1665 వేసవిలో మహమ్మారి వచ్చి నాటకశాలలు మళ్లీ మూతపడ్డాయి. ఆ మూసివేత ఏడాదిన్నర సాగింది. ఆ నడుమ, 1666 మార్చిలో, వేదికను వెడల్పు చేస్తున్న రాజుగారి నాటకశాలకు పోయి తెరవెనుక భాగమంతా తిరిగి చూచాడు. దుస్తులు, కిరీటాలు, యంత్రాలు దుమ్ములో కుప్పలుగా పడి ఉన్నాయి. కొవ్వొత్తుల వెలుగులో అంత దివ్యంగా కనిపించే వస్తువులు దగ్గరకు పోతే ఎంత అల్పమైనవో చూచి నవ్వుకొన్నాడు. ఆ రహస్యం తెలిసినా అతని మోజు తరగలేదు. సెప్టెంబరులో మహాగ్ని లండనును దహించింది; ఏడాది చివర నాటకశాలలు తెరుచుకొన్నాయి. పీప్స్ వెంటనే మళ్లీ అక్కడ కనిపించాడు. 1667 మార్చిలో డ్రైడెన్ నాటకంలో నెల్ గ్విన్ హాస్యాభినయానికి మైమరచిపోయాడు.

సుమారు తొమ్మిదిన్నర ఏండ్లలో అతడు మూడువందల సార్లకు పైగా నాటకశాలకు వెళ్లాడు. అతని అభిరుచి నిర్దుష్టమైనది కాదు. రోమియో జూలియట్‌ను తీసిపారేశాడు. మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్‌ను ఇక చూడరాదనుకొన్నాడు. కాని 1664లో సాధారణంగా తోచిన మాక్‌బెత్, మరి రెండేండ్లకు మిక్కిలి ఉత్తమమైనదిగా తోచింది. 1664 జనవరి 1న విసుగు పుట్టించిన ఎనిమిదవ హెన్రీ, 1668 డిసెంబరులో ఎంతో ఆహ్లాదం కలిగించింది. ఆ ఫిబ్రవరిలోనే, ఒక నాటకంలో దేవదూత దిగివచ్చేవేళ వినిపించిన సుషిరవాద్య సంగీతం అతని హృదయాన్ని పట్టి కుదిపింది. భార్యను తొలుత ప్రేమించిన నాటి తీయని వ్యథ మళ్లీ కలిగిందని అతడు గుర్తించాడు. ఇట్టి అనుభవం ఎన్నడు వస్తుందో ముందుగా తెలియదు. తరచుగా వెళ్లేవానికే అది దొరుకుతుంది.

క్రమంగా కండ్లు మసకబారాయి. నాటకశాల కొవ్వొత్తుల వెలుగే బాధాకరమైంది. గుడ్డివాడనవుతానన్న భయంతో 1669 మే 31న దినచర్యను ముగించాడు. ఆ నవంబరు 10న, 29 ఏండ్లకే, ఎలిజబెత్ మరణించింది. పీప్స్‌కు చూపు పోలేదు. అతడు నౌకాదళ కార్యదర్శియై, 1684లో రాయల్ సొసైటీ అధ్యక్షుడై, న్యూటన్ ప్రిన్సిపియా ముఖపత్రం మీద తన పేరు అచ్చుపడేంతటి గౌరవం పొందాడు. 1703 మే 26న మరణించాడు. అతని మూడువేల గ్రంథాలు కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాలకు చేరాయి. వాటి నడుమనున్న దినచర్యను 1819లో జాన్ స్మిత్ అనే విద్యార్థి మూడేండ్లు శ్రమించి విప్పిచదవగా, 1825లో మొదటిసారి కొంత భాగం అచ్చయింది.

నాటకశాలలను ఒకసారి ప్రభుత్వం మూసింది, ఒకసారి వ్యాధి మూసింది, పలుమార్లు పీప్స్ తన మనస్సుతోనే మూసుకొన్నాడు. తెరుచుకొన్న ప్రతిసారీ అతడు తిరిగి వెళ్లాడు. మన ఊళ్లలోనూ నాటకపు గంట మ్రోగే సాయంత్రాలు ఇంకా ఉన్నాయి. ఉపాధ్యాయులు విద్యార్థులను ఒకసారి తీసుకొనిపోయి ఊరకుంటే చాలదు. మొదటి నాటకం నచ్చకపోయినా, రెండవదానికి కూడ తీసుకొనిపోవాలి.