గాజుల లక్ష్మీనరసు శెట్టి: ఆస్తినంతా అర్జీలకు పెట్టిన బట్టల వ్యాపారి

గద్వాల చీర తెలియని వాళ్ళు మన క్లబ్బులో ఎవరూ ఉండరు. నూలు చీర, దానికి పట్టు అంచు, పట్టు కొంగు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బజార్లలో బట్టల షాపు పెట్టి బాగా సంపాదించినవాళ్ళు గుడికో బడికో ఎంతో కొంత ఇవ్వడం, రాయి మీద దాత పేరు చెక్కించడం కూడా మనం చూస్తూనే ఉంటాం. అది మంచి పనే. ఈ సంచికలో మాత్రం నేను ఇంకో రకం దాత గురించి రాస్తున్నాను. ఆయన కూడా బట్టల వ్యాపారే, తెలుగువాడే. కానీ ఆయన డబ్బు వెళ్ళింది గోడలు కట్టడానికి కాదు, అర్జీలు రాయించడానికి.

గాజుల లక్ష్మీనరసు శెట్టి గారు 1806లో మద్రాసులో పుట్టారు. తండ్రి సిద్ధులు శెట్టి గారిది నీలిమందు, బట్టల వ్యాపారం. ఆ రోజుల్లో మద్రాసు గళ్ళ రుమాళ్ళు ఓడలెక్కి ఆఫ్రికా దాకా, వెస్టిండీస్ దాకా వెళ్ళేవి. లక్ష్మీనరసు గారు చిన్న వయసులోనే తండ్రి పక్కన కూర్చుని బేరం నేర్చుకున్నారు. తండ్రి తర్వాత వ్యాపారాన్ని ఇంకా పెంచారు. ఊళ్ళో పెద్ద ధనవంతుల్లో ఒకరయ్యారు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఇవాళ ఆయన గురించి రాయాల్సిన పనే ఉండేది కాదు.

1844లో ఆయన ఒక ప్రెస్సు తీసుకుని 'క్రెసెంట్' అనే ఇంగ్లిష్ పత్రిక మొదలుపెట్టారు. అప్పట్లో మద్రాసులో పత్రికలంటే దాదాపు దొరలవే, మిషనరీలవే. గవర్నరు ట్వీడేల్ ప్రభుత్వం మిషనరీల వైపు మొగ్గుతోందని ఇక్కడివాళ్ళకు కోపంగా ఉండేది. సర్కారు బడుల్లో బైబిలును పాఠంగా పెట్టాలన్న ఆలోచనను లక్ష్మీనరసు గారు గట్టిగా ఎదిరించారు. 1846లో పెద్ద సభ పెట్టి లండన్‌లోని కంపెనీ పెద్దలకు అర్జీ పంపించారు. మతం మారినవాళ్ళకు కుటుంబ ఆస్తిలో వాటా ఉండాలన్న చట్టాన్ని కూడా ఆయన వ్యతిరేకించారు. ఈ విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. మతం మారినంత మాత్రాన ఆస్తి ఎందుకు పోవాలి? కానీ మనకు నచ్చిన భాగమే చెప్పి మిగతాది దాచేస్తే అది జీవితకథ అవ్వదు.

1852 ఫిబ్రవరిలో ఆయన మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించారు. కాంగ్రెస్ పుట్టడానికి ముప్పై ఏళ్ళకు పైగా ముందు మాట ఇది. మరుసటి ఏడు కంపెనీ చార్టర్ మళ్ళీ పొడిగించాలి. ఆ సందు చూసి అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు పొడవాటి అర్జీ పెట్టింది. పన్నుల భారం, కోర్టుల ఆలస్యం, రోడ్లూ నీటి పనులూ పట్టించుకోకపోవడం, అన్నీ అందులో ఉన్నాయి.

అర్జీ చదివి లండన్‌లో ఎవరైనా నమ్ముతారా? అందుకే 1853లో డాన్బీ సీమోర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వచ్చినప్పుడు, లక్ష్మీనరసు గారు ఆయన్ని వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పారు. పన్ను కట్టలేని రైతుల్ని ఏం చేస్తున్నారో వాళ్ళ నోటే వినిపించారు. ఒక చివర కట్టిన రెండు కర్రల మధ్య వేళ్ళు పెట్టి నొక్కేవారు. తెలుగు రైతులు దాన్ని చిరత అనేవారు. మన ఊళ్ళల్లో చిరుతల రామాయణం ఆడేటప్పుడు చేతిలో పట్టుకునేవి కూడా చిరుతలే. భజనలో వినపడే పేరే హింసకూ ఉందని తెలిసినప్పుడు నాకు కాసేపు చదవబుద్ధి కాలేదు. వంగదీసి, మెడను కాళ్ళకు తాడుతో కట్టి ఎండలో నిలబెట్టడం ఇంకో పద్ధతి.

1854 జూలైలో ఇది పార్లమెంటులో చర్చకొచ్చింది. ప్రభుత్వం ఆ ఏడే విచారణ కమిషన్ వేయక తప్పలేదు. వందల మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు, కొందరైతే వందల మైళ్ళు ప్రయాణం చేసి వచ్చారు. వెయ్యికి పైగా ఉత్తరాలొచ్చాయి. హింస జరుగుతున్న మాట నిజమేనని 1855లో కమిషన్ రిపోర్టు ఒప్పుకుంది. తప్పు మాత్రం కింది దేశీయ ఉద్యోగుల మీదకు తోసి, తెల్ల అధికారుల్ని కాపాడింది. అయినా అప్పటిదాకా పుకారు అని కొట్టిపారేసింది సర్కారు కాగితం మీదకు ఎక్కింది.

ఒక్కసారి మ్యాపు చూడండి. అప్పుడు గద్వాల, వనపర్తి నిజాం కింద సంస్థానాలు. తుంగభద్ర దాటితే కర్నూలు, అది 1839 నుంచి కంపెనీ చేతిలో. అంటే ఒడ్డు మారితే దొర మారేవాడు. అవతలి ఒడ్డు రైతుకు అర్జీ పెట్టడానికి మద్రాసులో ఒక బట్టల వ్యాపారి ఉన్నాడు. ఇవతలి ఒడ్డున అలాంటి సంఘం ఊసే లేదు.

పత్రిక, సంఘం, సభలు, లండన్ ఉత్తరాలు, అన్నిటి బరువూ ఎక్కువగా ఆయన మీదే పడింది. ప్రభుత్వం సి.ఎస్.ఐ. బిరుదు ఇచ్చింది. 1863లో మద్రాసు శాసన మండలి సభ్యుణ్ణి చేసింది. అంటే ఎవరి మీద అర్జీలు పెట్టారో వాళ్ళే పిలిచి కుర్చీ వేశారు. కానీ అప్పటికి చేతిలో డబ్బు మిగల్లేదు. 1868లో చనిపోయేనాటికి ఆయన దాదాపు పేదవాడు.

లాభనష్టాల లెక్కలో చూస్తే ఇది దివాలా తీసిన వ్యాపారం. కానీ బడి కట్టిస్తే ఒక ఊరికి పనికొస్తుంది. రైతు ఒంటి మీద చెయ్యి వెయ్యడం తప్పని సర్కారు చేతే ఒప్పించడం ఎన్ని ఊళ్ళకు పనికొచ్చిందో లెక్కపెట్టలేం. దానం గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ రెండో రకాన్ని కూడా లెక్కలో వేసుకోవాలని నా అభిప్రాయం.