చక్రానికి ఊపిరి పోసిన డన్‌లప్

పాఠ్యభాగ సందర్భం

నిత్యజీవితంలో బాగా కలిసిపోయిన వస్తువుల వెనుక ఒక మనిషి, ఒక ఆలోచన ఉన్నాయన్న సంగతి మనకు తరచుగా గుర్తుండదు. సైకిలు టైరు అటువంటి వస్తువు. దానిలో గాలి ఉన్నంతకాలం ఎవరూ దానిని తలచుకోరు. గాలిటైరును ఆచరణలోకి తెచ్చిన జాన్ బాయిడ్ డన్‌లప్ జీవితాన్ని, ఆయన కృషి నుండి నేటి సైకిలు ప్రియులు గ్రహించదగిన విషయాలను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నెల్లూరు తీరంలోని చిట్టమూరు ప్రాంతం వరిపొలాల నడుమ సాగే దారులకు నెలవు. మల్లాం సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయానికి పోయే భక్తుడు, మడి చూచుకొని వచ్చే రైతు, పుస్తకాలు వెనుక క్యారియరుకు బిగించుకొని కళాశాలకు పోయే విద్యార్థి, ఎందరో ఈ దారుల మీద సైకిలు తొక్కినవారే. తారు రోడ్డు కొంతదూరం నునుపుగా ఉంటుంది. అది దిగగానే కంకర, ఇసుక, సర్కారు తుమ్మ ముళ్లు ఎదురవుతాయి. ముల్లు దిగిన టైరుతో సైకిలును నడిపించుకొంటూ పంక్చరు షాపు చేరితే, అక్కడి పనివాడు ట్యూబును బయటకు లాగి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి చూస్తాడు. నీటిలో నుండి లేచే చిన్న బుడగ చిల్లి ఎక్కడుందో చెబుతుంది. ఆ ట్యూబులో గాలిని బంధించి మనిషిని మోయించవచ్చునని లోకానికి చూపినవాడు యంత్రశాస్త్రం చదివిన ఇంజనీరు కాడు. ఆయన ఒక పశువైద్యుడు.

జాన్ బాయిడ్ డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశంలోని డ్రెగ్‌హార్న్ అనే గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. నెలలు నిండకుండా పుట్టినవాడనన్న భావన వలన ఆయన తన ఆరోగ్యం విషయంలో జీవితాంతం జాగ్రత్తగా మెలిగాడు. పొలం పనులకు ఆ శరీరం తగదని తలచి చదువువైపు మొగ్గాడు. ఎడింబరో నగరంలో పశువైద్యం అభ్యసించి, ఇరవై ఏళ్లయినా నిండకముందే పట్టా పొందాడు. కొన్నేళ్లు అక్కడే వృత్తి సాగించిన తరువాత 1867లో ఐర్లండుకు తరలివెళ్లాడు. 1871లో మార్గరెట్ స్టీవెన్సన్‌ను వివాహమాడాడు. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు కలిగారు. కాలక్రమంలో బెల్‌ఫాస్ట్ నగరంలో ఆయన నెలకొల్పిన పశువైద్యశాల ఐర్లండులోని పెద్ద వైద్యశాలల్లో ఒకటిగా పేరు పొందింది. వృత్తి నిలదొక్కుకొంది, కుటుంబం స్థిరపడింది. నడివయస్సు దాటిన ఆ వైద్యుడు మరొక రంగంలో అడుగుపెట్టవలసిన అవసరం ఏమీ లేదు. అయినా ఆ అవసరం ఇంటి లోపలినుండే వచ్చింది.

ఆ రోజుల్లో సైకిలు తొక్కడం శరీరానికి కఠిన పరీక్షగా ఉండేది. తొలినాటి సైకిళ్ల చెక్కచక్రాలకు ఇనుపపట్టా ఉండేది. తరువాత దాని స్థానంలో గట్టి రబ్బరు పట్టా వచ్చింది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిలుతో రెండు చక్రాలు ఇంచుమించు సమానమై, కూర్చున్నవాడు కింద పడతాడన్న భయం తగ్గింది. అయితే చక్రం చిన్నదైనకొద్దీ గుంతలో మరింత లోతుగా దిగుతుంది. అందువలన భయం తగ్గినచోట కుదుపు పెరిగింది. బెల్‌ఫాస్ట్ వీథులకు రాళ్లు పరచి ఉండేవి. డన్‌లప్ కుమారుడు జానీ అప్పటికి పదేళ్లవాడు. అతని మూడు చక్రాల సైకిలు ఆ రాళ్లమీద ఎగిరెగిరి పడుతూ పోయేది. కుమారుని ఇబ్బంది తండ్రి మనస్సుకు తట్టింది.

1887వ సంవత్సరం చివరలో డన్‌లప్ తన వైద్యశాల ఆవరణలోనే ఒక చిన్న ప్రయోగం చేశాడు. పలుచని రబ్బరు రేకుతో గొట్టం చేసి, దానిని సుమారు 40 సెంటీమీటర్ల వెడల్పుగల గుండ్రని చెక్కపలక చుట్టూ నారబట్టతో బిగించి, ఫుట్‌బాల్ పంపుతో గాలి నింపాడు. కుమారుని సైకిలు నుండి విప్పిన గట్టి రబ్బరు చక్రాన్ని ముందుగా ముంగిటిలో దొర్లించాడు. అది కొంతదూరం పోయి వాలిపోయింది. తరువాత గాలి నింపిన చక్రాన్ని దొర్లించాడు. అది ముంగిలి ఆ చివరి వరకూ పోయి, గేటు స్తంభానికి కొట్టుకొని వెనుకకు తుళ్లింది. చేతిబలం ఒక్కటే, నేల ఒక్కటే. తేడా గాలిలో ఉంది.

ఈ ప్రయోగంలో దాగిన సత్యం గమనింపదగినది. గట్టి చక్రం రాయిమీదికి ఎక్కినప్పుడల్లా బరువంతా పైకి లేస్తుంది. అలా లేపడానికి ఖర్చయిన శక్తి ముందుకు పోవడానికి పనికిరాదు. గాలిచక్రమైతే రాయిని తనలోనికి ఇముడ్చుకొంటుంది. రాయి చుట్టూ టైరు ఒదుగుతుందేగాని, మనిషి పైకి ఎగరడు. అందుచేత హాయి, వేగం పరస్పర విరోధులు కావు, ఒక్కొక్కప్పుడు అవి రెండూ ఒకే మూలం నుండి పుడతాయి. కుమారుని సౌఖ్యం కోరి ప్రారంభించిన పని వేగానికి కూడా దారి చూపింది.

డన్‌లప్ మొదట జానీ సైకిలుకు, తరువాత పెద్దల సైకిలుకు గాలిటైర్లు అమర్చి పరీక్షించాడు. 1888 డిసెంబరు 7వ తేదీన ఆయనకు పేటెంటు లభించింది. లావుగా, ఉబ్బుగా కనిపించే ఆ టైర్లను చూచి తొలుత జనం నవ్వుకొన్నారు. పందెపు సైకిలు అంటే సన్నగా, గట్టిగా ఉండాలన్నదే ఆనాటి నమ్మకం. 1889 మే 18వ తేదీన బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కళాశాల మైదానంలో జరిగిన పందేలలో విలియం హ్యూమ్ అనే సామాన్య పోటీదారుడు గాలిటైర్ల సైకిలుపై పాల్గొని, పోటీచేసిన నాలుగు పందేలలోనూ గెలిచాడు. తరువాత లివర్‌పూల్‌లోనూ ఒక్కటి తప్ప అన్నీ గెలిచాడు. మైదానంలో నవ్వులు ఆగిపోయాయి.

ఆనాడు హ్యూమ్ చేతిలో ఓడినవారిలో హార్వే డ్యూక్రాస్ అనే వ్యాపారి కుమారులు కూడా ఉన్నారు. కుమారుల ఓటమిలో డ్యూక్రాస్ ఒక గొప్ప వ్యాపారావకాశాన్ని చూచాడు. 1889లోనే డబ్లిన్ నగరంలో ఒక సంస్థ ఏర్పడింది. డన్‌లప్ తన పేటెంటును ఆ సంస్థకు అప్పగించి, బదులుగా కొన్ని వాటాలు పుచ్చుకొన్నాడు.

ఇంతలో ఊహింపని పిడుగు పడింది. గాలిటైరు ఆలోచన కొత్తది కాదని తేలింది. రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లండు వాసి 1845లోనే, అంటే డన్‌లప్ ఐదేళ్ల బాలుడుగా ఉన్ననాడే, గాలి నింపిన చక్రానికి పేటెంటు పొందాడు. 1847లో లండన్‌లోని రీజెంట్స్ పార్కులో గుర్రపుబండ్లకు అటువంటి చక్రాలు తగిలించి చూపాడు. కాని ఆనాటికి తేలికైన సైకిలు పుట్టలేదు. తగిన రబ్బరు చవకగా దొరకలేదు. కాలం కలిసిరాక ఆ ఆలోచన మరుగున పడింది. థామ్సన్ 1873లో మరణించాడు. ఆయన కృషి డన్‌లప్‌కు తెలియదు. అయినప్పటికీ చట్టం దృష్టిలో మొదటివాడు మొదటివాడే. డన్‌లప్ పేటెంటు చెల్లలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న ఎదురవుతుంది. గాలిటైరును కనుగొన్నవాడు ఎవరు? ముందుగా ఊహించినవాడా, వాడుకలోకి తెచ్చినవాడా? నిజానికి ఈ గౌరవంలో మరికొందరికీ పాలు ఉంది. డన్‌లప్ తొలి టైరు రిమ్ముకు అతికి ఉండేది, పంక్చరైతే విప్పడం పెద్ద పని. 1890లో చార్లెస్ వెల్చ్ అంచులలో తీగ అమర్చిన టైరును రూపొందించాడు. నేటి సైకిలు టైరు అంచు తడిమితే చేతికి తగిలేది ఆ తీగ సంతానమే. ఫ్రాన్సులో మిషలిన్ సోదరులు విప్పదీయగల టైరును తయారుచేయగా, 1891లో పారిస్ నుండి బ్రెస్ట్‌కు, తిరిగి పారిస్‌కు జరిగిన పందెంలో చార్లెస్ టెరాంట్ ఆ టైర్లతోనే గెలిచాడు. మన సైకిళ్లకు ఉండే వాల్వు వుడ్స్ రూపొందించినది, కాని లోకం దానిని డన్‌లప్ వాల్వు అనికూడా పిలుస్తుంది. ఒక వస్తువు వెనుక పలువురి శ్రమ ఉన్నా, పేరు ఒక్కరికే దక్కడం లోకసహజం.

ఆ పేరు కూడా డన్‌లప్‌కు సుఖాన్ని తీసుకురాలేదు. భాగస్వాములతో పొసగక 1895లో ఆయన సంస్థ నుండి తప్పుకొన్నాడు. మరుసటి సంవత్సరమే ఆ సంస్థను టెరా హూలీ అనే వ్యాపారి 30 లక్షల పౌండ్లకు కొని, వాటాదారులకు 50 లక్షల పౌండ్లకు అమ్మాడు. ఆ ఐశ్వర్యంలో డన్‌లప్‌కు పాలు లేకపోయింది. ఆయన డబ్లిన్‌లో సామాన్య వ్యాపారిగా జీవించాడు. టైర్లమీద మాత్రం ఆయన పేరే వెలిగింది. వృద్ధాప్యంలో మరొక బాధ కలిగింది. పొడవాటి టోపీ, తెల్లని వెయిస్ట్‌కోటు, కంటద్దం ధరించిన షోకిలా రాయుడివలె తనను చిత్రించిన వ్యాపార ప్రకటనలు వెలువడగా, అవి తన రూపాన్ని వక్రీకరిస్తున్నాయని ఆయన న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. తన పేరుతో నడుస్తున్న సంస్థపైనే ఆయన దావా వేయవలసి వచ్చింది. 1921 అక్టోబరు 23వ తేదీన డన్‌లప్ డబ్లిన్‌లో కన్నుమూశాడు.

ఆయన పేరు మన దేశానికీ చేరింది. 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో డన్‌లప్ టైర్ల కర్మాగారం వెలసింది. కాలక్రమంలో ఎడ్లబండి ఇనుపకమ్మి చక్రాలకు బదులు గాలిటైర్లు వచ్చి, పల్లెల్లో టైరు బండి తిరిగింది. పశువుల బాధలు తీర్చే వృత్తిలో జీవించినవాని పరికరం చివరకు ఎద్దు మెడమీది భారాన్ని కూడా తేలిక చేసింది.

నేడు సైకిలు రూపురేఖలు మారాయి. దూరప్రయాణాలకు, పందేలకు టైటానియం చట్రంగల రోడ్డు సైకిళ్లు వచ్చాయి. ఒకే పరిమాణంలో తీసుకొంటే టైటానియం బరువు ఉక్కు బరువులో సుమారు 60 శాతం మాత్రమే. ఉప్పుగాలి వీచే చిట్టమూరు వంటి తీరప్రాంతంలో ఉక్కు తుప్పు పడుతుంది గాని, టైటానియం చెక్కుచెదరదు. ఇంత విలువైన చట్రం కొన్నవాడు కూడా టైరు ఎన్నికలో పొరబడితే ప్రయాణం సుఖంగా సాగదు. కుదుపును మింగే పనిలో అధికభాగం చట్రానిది కాదు, గాలిదే.

టైరు కొనేటప్పుడు మొదట చదవవలసినది దాని ప్రక్కన ముద్రించిన అంకెలను. మన పల్లెల్లోని మామూలు సైకిలు టైరుమీద 28 అన్న అంకె ఉంటుంది, రోడ్డు సైకిలు టైరుమీద కూడా 28 ఉండవచ్చు. మొదటిది చక్రం ఎత్తును అంగుళాలలో తెలుపుతుంది, రెండవది టైరు వెడల్పును మిల్లీమీటర్లలో తెలుపుతుంది. మామూలు సైకిలు రిమ్ముపై టైరు కూర్చునే చోటి వ్యాసం 635 మిల్లీమీటర్లు, రోడ్డు సైకిలుకు సాధారణంగా 622. ఈ 13 మిల్లీమీటర్ల తేడా వలన ఒకదాని టైరు మరొకదానికి పట్టదు.

రెండవది వెడల్పు. ఒకప్పుడు పందెగాళ్లు 23 మిల్లీమీటర్ల సన్నని టైరును రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టి వాడేవారు. నేడు 28, అంతకుమించిన వెడల్పు సాధారణమైంది. గతుకుల దారిలో మరీ గట్టి టైరు ఎగిరిపడి శక్తిని వృథా చేస్తుందని గ్రహించడమే ఇందుకు కారణం. డన్‌లప్ ముంగిటిలో కనిపించిన సత్యమే నూరేళ్లు గడచినాక పందెపు మైదానాలకు తిరిగి వచ్చింది. అయితే చట్రానికి, టైరుకు మధ్య తగినంత సందు ఉన్నదో లేదో ముందే చూచుకోవాలి. వెడల్పు పెరిగినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గించాలి, తొక్కేవాని బరువును బట్టి దానిని సరిచేసుకోవాలి. మరీ తగ్గిస్తే గుంతలో రిమ్ము నేలకు తాకి ట్యూబు నలిగి చిల్లిపడుతుంది.

మూడవది ముల్లు. పంక్చరును అడ్డుకొనే మందపాటి పొర ఉన్న టైరు బరువుగా ఉంటుంది, తొక్కడానికి కొంత ఎక్కువ శ్రమ కావాలి. పలుచని టైరు చురుకుగా దొర్లుతుంది గాని, తుమ్మముల్లుకు త్వరగా లొంగుతుంది. నున్నని రహదారిపై పందెం వేసేవానికి పలుచనిది మేలు. పొలాల నడుమ పదిమైళ్లు పోయి చీకటి పడకముందే ఇల్లు చేరవలసినవానికి మందపాటిది మేలు. అన్నివిధాలా గొప్పదైన టైరు అంటూ ఒకటి లేదు. దారిని బట్టి, మనిషిని బట్టి అది మారుతుంది.

డన్‌లప్ చేసిన పని కూడా ఇదే. ఆయన వేగాన్ని లెక్కించడంతో మొదలుపెట్టలేదు. కుమారుడు తొక్కే దారిని చూచాడు, ఆ దారికి తగిన చక్రాన్ని వెదికాడు. పేటెంటు ఆయనకు నిలువలేదు, సంపద దక్కలేదు, పేరు కూడా పరుల చేతిలో పడింది. అయినా చిట్టమూరు దారిలో పంక్చరు వేయించుకొని, గాలి నిండిన టైరును బొటనవేలితో నొక్కి చూచుకొని, తిరిగి సైకిలెక్కే ప్రతి విద్యార్థి ఆ తండ్రి ప్రేమఫలాన్ని అనుభవిస్తూనే ఉన్నాడు.

ప్రశ్నలు

1. డన్‌లప్ తన వైద్యశాల ముంగిటిలో చేసిన ప్రయోగాన్ని వివరించి, దానివలన తెలిసిన సత్యాన్ని రాయండి.
2. గాలిటైరు ఘనత థామ్సన్‌దా, డన్‌లప్‌దా? మీ అభిప్రాయాన్ని సహేతుకంగా రాయండి.
3. మీ ఊరి దారులకు తగిన సైకిలు టైరును ఎన్నుకొనేటప్పుడు ఏయే విషయాలు గమనించాలి?